పరామర్శకు నోచుకోని రోగులు

రోగిని పరామర్శించడం ఒక ముస్లిం పట్ల మరో ముస్లింకు ఉన్న బాధ్యతలలో ఒకటని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. మన సమాజం ఈ బాధ్యతను చాలా వరకు చక్కగానే నెరవేరుస్తోంది. ఎవరికైనా గుండె ఆపరేషన్ జరిగిందంటే మొహల్లాలో సగం మంది ఆసుపత్రి వరండాలో కనిపిస్తారు. కాలు విరిగినవారి ఇంటికి పండ్లూ వెళతాయి, దుఆలూ వెళతాయి. అయితే పరామర్శకు ఎవరూ రాని రోగులు కొందరు మన మధ్యనే ఉన్నారు. జనం కఠినాత్ములు కావడం వల్ల కాదు, తమ రోగమేమిటో వారు ఎవరికీ చెప్పుకోలేకపోవడం వల్ల.

లైంగిక సంపర్కం ద్వారా సంక్రమించే వ్యాధుల గురించే మేము చెబుతున్నాము. తెలుగులో వీటికి ‘సుఖవ్యాధులు’ అని ఎవరు పేరు పెట్టారో గాని, రోగిని పరిహసించడానికే పెట్టినట్లుంది. బస్టాండు గోడల మీది ప్రకటనలు ‘గుప్తరోగాలు’ అంటాయి. మన ఇళ్లలో ‘పోషీదా బీమారీ’ అని గొంతు తగ్గించి అంటారు. వైద్యుల దృష్టిలో సిఫిలిస్, గనేరియా, హెర్పిస్, హెచ్‌ఐవి వేర్వేరు వ్యాధులు. కొన్ని మందులతో పూర్తిగా నయమవుతాయి, కొన్ని జీవితాంతం ఉన్నా అదుపులో ఉంటాయి. జనం నోట మాత్రం అన్నింటికీ ఒకటే అర్థం, అది అపవాదు. ఈ అపవాదు భయం నుంచి మరో రోగం పుడుతుంది. అది మనసును పట్టుకుంటుంది. దాన్నే వైద్యులు డిప్రెషన్ అంటున్నారు, మనం కుంగుబాటు అనవచ్చు.

మద్రసాలో బోధించేవారి వద్దకు ధార్మిక సందేహాలతో పలువురు వస్తుంటారు. పగటిపూట వచ్చేవారు వారసత్వం గురించో జకాత్ గురించో అడుగుతారు. ఇషా నమాజు తరువాత, అందరూ వెళ్లిపోయేదాకా చెప్పుల దగ్గర తచ్చాడి వచ్చేవారి ప్రశ్నలు వేరు. అవి దాదాపు ఎప్పుడూ ‘హజ్రత్, మా స్నేహితుడొకడున్నాడు’ అన్న మాటతోనే మొదలవుతాయి.

కొన్నేళ్ల క్రితం ఒక యువకుడు అలాగే వచ్చాడు. అతని ‘స్నేహితుడు’ కువైట్ వెళ్లడానికి వైద్య పరీక్ష చేయించుకున్నాడట. గల్ఫ్ దేశాల వీసాకు జరిపే ఆ పరీక్షలో హెచ్‌ఐవి, హెపటైటిస్, సిఫిలిస్ కూడా చూస్తారన్నది మన ప్రాంతంలో చాలామందికి తెలిసిందే. స్నేహితుడికి సిఫిలిస్ ఉన్నట్లు తేలింది, కాగితం మీద ‘అన్‌ఫిట్’ అని వచ్చింది. వీసా ఎందుకు రాలేదని తల్లి అడుగుతోంది, మామయ్య అడుగుతున్నాడు, టీ కొట్టు దగ్గర అడుగుతున్నారు. ఆ స్నేహితుడు రెండు నెలలుగా నిద్రపోవడం లేదట. చివరికి ఆ యువకుడు అడిగిన మసలా ఇది: చావు కోరుకునేవాడి విషయంలో షరీఅత్ ఏమంటుంది?

కష్టం వచ్చిందని మరణాన్ని కోరుకోరాదని హదీసు ఉంది. మేము ఆ రాత్రి దానితో మొదలుపెట్టలేదు. స్నేహితుడు డాక్టరును కలిశాడా అని అడిగాము. కలవలేదు. సిఫిలిస్, ఎయిడ్స్ రెండూ ఒకటేననీ, ఇక బతుకు లేదనీ అతను అనుకుంటున్నాడు. తొలి దశలో ఉన్న సిఫిలిస్‌కు సాధారణంగా ఒక విడత పెన్సిలిన్ ఇంజెక్షన్ చాలునని చెప్పినప్పుడు ఆ పిల్లవాడు మా ముఖంలోకి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆ రాత్రి అతన్ని ఒంటరిగా పంపలేదు. ఇంటి దాకా మాటలాడుతూ నడిచాము.

రోగం నయమైంది. కథ అక్కడితో ముగిసి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరం ఉండేది కాదు. ఇంజెక్షన్ తరువాత కూడా అతనికి అన్నం రుచించలేదు, పనిమీద ధ్యాస కుదరలేదు. పైగా సిఫిలిస్ తగ్గిపోయినా కొన్ని రకాల రక్తపరీక్షలలో దాని పాత ఆనవాలు ఏళ్ల తరబడి కనిపిస్తూనే ఉంటుంది. ఆ సంగతి తెలిశాక తన మీద ముద్ర పడిపోయిందనుకున్నాడు. వైద్యుడు అతన్ని మానసిక వైద్యుని వద్దకు పంపాడు. మాత్రలు గుణం చూపడానికి కొన్ని వారాలు పట్టింది, నెలల తరబడి వాడవలసి వచ్చింది. శరీర రోగం పోయినా మనసు రోగం మిగిలిందంటే అది వేరే రోగమనే కదా అర్థం. దానికి వేరే వైద్యం కావాలి.

ఇక్కడ మా తోటి ధార్మిక పండితులు కొందరితో మాకు అభిప్రాయభేదం ఉంది. దిగులు ఈమాన్ బలహీనతకు గుర్తు అని వారంటారు. హజ్రత్ యాఖూబ్ (అలై) కుమారుని ఎడబాటుకు దుఃఖించి దుఃఖించి కంటిచూపు పోగొట్టుకున్న వైనం సూరా యూసుఫ్‌లో ఉంది. ఆయన ఈమాన్ బలహీనమైనదని ఎవరైనా అనగలరా? హజ్రత్ ఖదీజా (రజి), అబూ తాలిబ్ ఇద్దరూ మరణించిన సంవత్సరానికి మన చరిత్రకారులు ‘ఆముల్ హుజ్న్’, అంటే దుఃఖ సంవత్సరం అని పేరు పెట్టారు. పదవ శతాబ్దం తొలి భాగంలో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు శరీరాల, ఆత్మల సంరక్షణ గురించి ఒక గ్రంథం రాశారు. కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం తెలియకుండా శరీరంలోంచే పుట్టే దుఃఖం వేరు అని అందులో విభజించారు. వెయ్యేళ్ల కిందట మన పెద్దలు గుర్తించిన తేడాను ఈనాడు మనం కాదనడం వింతగా ఉంది. నమాజు, ఖుర్ఆన్ పారాయణం హృదయానికి ఊరట అన్నది మా అనుభవం కూడా. కాని మధుమేహం ఉన్నవానితో మందులు మాని నమాజు చేస్తే చాలునని మనం అనము. చికిత్స చేయించుకోమని ప్రవక్త (స) స్వయంగా ఆదేశించారు. కుంగిపోయినవారిని ఆమిల్‌ల చుట్టూ తిప్పి, తాయెత్తులకు వేలు పోసి, చివరికి ఆసుపత్రికి తెచ్చే కుటుంబాలను చూస్తే బాధ కలుగుతుంది.

మరొక సోదరి సంగతి చెప్పాలి. గర్భిణిగా ఉన్నప్పుడు జరిపిన పరీక్షలో ఆమెకు హెచ్‌ఐవి ఉన్నట్లు తెలిసింది. అది భర్త నుంచి వచ్చినది. అతను మరణించాక అత్తవారింట ఆమెకు కంచం, గ్లాసు వేరు చేశారు. కలిసి భోంచేస్తే, ఒకే గ్లాసుతో నీళ్లు తాగితే హెచ్‌ఐవి రాదని వైద్యులు ఎంతకాలంగానో చెబుతున్నారు. 2004 నుంచి ప్రభుత్వ ఎఆర్‌టి కేంద్రాలలో మందులు ఉచితం. క్రమం తప్పక వాడి రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి చేరిన వ్యక్తి నుంచి లైంగిక సంపర్కం ద్వారా కూడా అది ఇతరులకు సోకదు. బిడ్డకు సోకకుండా కాపాడే మందులూ ఉన్నాయి. ఆమె బిడ్డ ఆరోగ్యంగా ఉంది. అయినా ఆమె కొంతకాలం పీడకలలతో, దిగులుతో తల్లడిల్లింది. పూర్వం ఎక్కువగా వాడిన ఎఫావిరెంజ్ అనే మందు కొందరిలో ఇలాంటి ఇబ్బందులు కలిగిస్తుందని డాక్టరు చెప్పి మందు మార్చారు. ఆ మాట విన్నాక ఆమె, ‘అయితే అల్లాహ్ నన్ను శిక్షించడం లేదన్నమాట’ అన్నదని మా ఇంటివారు చెప్పారు.

ఈ సోదరిని నిర్దోషి అనీ, ఆ యువకుణ్ణి దోషి అనీ విడదీసి, ఆమెకు మాత్రమే జాలి చూపేవారున్నారు. సూరా జుమర్ 53వ ఆయతు ఎవరిని ఉద్దేశించినదో చూడండి. అక్కడ అల్లాహ్ తన కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దని చెప్పినది తమకు తాము అన్యాయం చేసుకున్నవారితోనే. తప్పు జరిగితే తౌబా ఉంది, అది దాసునికీ ప్రభువుకూ మధ్య వ్యవహారం. అతని రక్తపరీక్ష కాగితం మొహల్లా వ్యవహారం కాదు. అనుమానాలను, కూపీలు లాగడాన్ని, చాడీలను సూరా హుజురాత్ 12వ ఆయతు నిషేధిస్తోంది. ఎవరి రోగం ఎక్కడినుంచి వచ్చిందని ఆరా తీసే ప్రతి నాలుకా ఆ నిషేధంలోకి వస్తుంది. హెచ్‌ఐవి ఉన్నవారి వివరాలను వారి అనుమతి లేకుండా బయటపెట్టరాదని 2017 నాటి చట్టం కూడా చెబుతోంది.

అయితే తప్పును కప్పిపుచ్చడం వేరు, హానిని దాచడం వేరు. భార్యకు చెప్పకుండా ఉండవచ్చా అని అడిగినవారితో మేము స్పష్టంగానే చెబుతాము: కుదరదు. గతంలో ఏం జరిగిందో ఏకరువు పెట్టనక్కర లేదు. రోగం ఉన్నదన్న సంగతి ఆమెకు తెలియాలి, ఆమెకు కూడా పరీక్ష జరగాలి. నికాహ్‌కు ముందయితే అవతలివారికి నిర్ణయించుకునే హక్కు ఉంది. ఈ మాట చెప్పినప్పుడు కొందరు లేచి వెళ్లిపోయారు. కొందరు ఆసుపత్రిలో కౌన్సిలర్ సమక్షంలో చెప్పుకుని ఊపిరి పీల్చుకున్నారు. మోస్తున్న రహస్యమే మనసును ఎక్కువగా తొలిచేస్తుందని మాకు అప్పుడు అర్థమైంది.

రమజాన్‌లో మాత్రల గురించి అడుగుతారు. రోజుకొక మాత్ర అయితే ఇఫ్తార్ తరువాతకు మార్చుకోవచ్చేమో డాక్టరును అడగమంటాము. జనాజా గుస్ల్‌కు జంకేవారు ఉన్నారు. చేతి తొడుగులు వేసుకుని, శుభ్రత పాటించి గుస్ల్ ఇవ్వవచ్చు.

రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, ఆసక్తి పోయినవారు ఇంట్లో ఉంటే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. హెచ్‌ఐవి సందేహాలకు 1097 ఉంది. చావు మాట ఎత్తినవారిని ఆ రాత్రి ఒంటరిగా వదలకండి.

మా వద్ద చివరి సంవత్సరం చదువుతున్న విద్యార్థులు రేపు ఏదో ఒక మస్జిద్‌లో ఇమాములవుతారు. వారికి తహారత్ పాఠం చెప్పేటప్పుడు ఇప్పుడు ఈ విషయం కూడా చెబుతున్నాము. వచ్చినవాడు ‘మా స్నేహితుడు’ అంటే స్నేహితుడనే నమ్మండి, ఎవరా స్నేహితుడని అడగకండి, డాక్టరు దగ్గరికి తోడు వెళ్లే మనిషి కావాలేమో కనుక్కోండి అని. పోయిన వారం ఒక విద్యార్థి లేచి, ‘అతను మళ్లీ రాకపోతే?’ అని అడిగాడు. వెళ్లేటప్పుడే, స్నేహితుడి ఆరోగ్యం ఎలా ఉందో శుక్రవారం వచ్చి చెప్పమని అడగమన్నాము.