కొలవకుండా చెప్పిన మాట

మా నాయన బండి పాత స్ప్లెండర్. కోడి కూయక ముందే రోజా పూల కట్టలు దానికి కట్టుకుని బేరిగై నుంచి బాగలూరు మీదుగా హోసూరు మార్కెట్టుకి పోతాడు. ఆయన తిరిగి వచ్చినాక అదే బండిలో మా అన్న కంపెనీ పనికి పోతాడు. ఇంట్లో ఉండే ఇద్దరి సంపాదనా ఆ ఒక్క బండి మీదే నడుస్తుంది. నేను చేసిన తప్పు ఎంత పెద్దదో తెలియాలంటే ముందు ఈ సంగతి తెలియాలి.

పోయిన ఎండాకాలం సెలవుల్లో బండి ఇంజను పైభాగం నుంచి టకటకమని శబ్దం మొదలైంది. మా మామకి ఊళ్ళోనే మెకానిక్ అంగడి ఉంది. సెలవుల్లో నేను అక్కడ స్పానర్లు అందిస్తూ పని నేర్చుకుంటాను. మామ ట్యాపెట్లు సరిచేసినాడు. నాలుగు రోజులకి మళ్ళీ అదే శబ్దం. హెడ్డు విప్పి చూస్తే రాకర్ ఆర్మ్ అడుగు నున్నగా ఉండాల్సిన చోట గీతలు, గుంటలు. క్యామ్ కూడా అరిగిపోయింది.

"ఇంజన్ ఆయిలు మార్చి ఎన్నాళ్ళయింది?" అని మామ అడిగినాడు. నాయన అన్న వైపు చూసినాడు, అన్న నాయన వైపు చూసినాడు. ఇద్దరూ తోలే బండి, ఒకరు మార్చినారేమోనని ఇంకొకరు అనుకున్నారు.

రాకర్ ఆర్మ్ అంటే ఇంజను లోపల ఉండే చిన్న ఏతం. మా తాత చిన్నప్పుడు బావి దగ్గర ఏతం తొక్కేవాళ్ళంట. మనిషి ఒక పక్కకి నడిస్తే ఇంకో పక్క బాన పైకి లేస్తుంది. మేము బడిలో చదివిన తులాదండం కూడా ఇదే. ఇంజనులో క్యామ్ గుడ్డు ఆకారంలో తిరుగుతూ రాకర్ ఒక కొనని ఎత్తుతుంది. రెండో కొన వాల్వుని కిందికి నొక్కి తెరుస్తుంది. ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరిగితే క్యామ్ అందులో సగం, అంటే 3000 చుట్లు తిరుగుతుంది. అంటే ఆ చిన్న ముక్క సెకనుకి 50 సార్లు ఊగుతుంది. నూనె లేకుండా అన్నిసార్లు రాసుకుంటే ఇనుమైనా ఏం నిలుస్తుంది?

"ఎట్లాగూ విప్పినాము గదా, మామూలుది ఎందుకు? స్పీడు బండి చేసేద్దాం" అన్నాడు అన్న. బాగలూరు రోడ్డులో స్నేహితుల బండ్లని దాటాలని వాడికి ఎప్పటి నుంచో ఆశ. నాకూ ఆశే. ఫోనులో వీడియోలు చూసి చూసి నాకు అన్నీ తెలుసు అనుకునేవాణ్ణి. థాయ్‌లాండ్, ఇండోనేషియాల్లో ఇట్లాంటి చిన్న హోండా జాతి ఇంజన్లకి రోలర్ రాకర్లు వేస్తారు. క్యామ్‌ని తాకే చోట చిన్న చక్రం ఉంటుంది, అది రాసుకోదు, దొర్లుతుంది. రాపిడి తక్కువ.

"రోలర్ వేస్తే ఇంజను ఫ్రీ అయిపోతుంది అన్నా, స్పీడు దానికదే వస్తుంది" అని నేను గట్టిగా చెప్పినాను. అన్న నా మాట నమ్మి, దాచుకున్న రూ. 2,800 పెట్టి తెప్పించినాడు. మామని ఒక మాట అడగలేదు.

డబ్బా తెరిచినప్పుడు ఎంత బాగుండిందో! తళతళ మెరుస్తా ఉంది. వేలితో తిప్పితే చక్రం చప్పుడు లేకుండా తిరుగుతుంది. మామ దాన్ని అటూ ఇటూ చూసి, "షాఫ్టుకి ఎక్కుతుంది. అంతమాత్రాన సరిపోయినట్టేనా? కొలిచినారా?" అన్నాడు. నేను మాట్లాడలేదు.

మామ హెడ్డుని బల్ల మీద పెట్టి, క్యామ్‌కి డిగ్రీల గుర్తులు వేసిన కాగితం చక్రం తగిలించినాడు. వాల్వు కొనకి డయల్ గేజ్ ఆనించి, పాత రాకర్‌తో మెల్లగా తిప్పి ఎక్కడ తెరుచుకుంటుందో, ఎక్కడ మూసుకుంటుందో నన్నే రాయమన్నాడు. తరువాత రోలర్ వేసి మళ్ళీ తిప్పినాడు. వాల్వు దిగే లోతు దాదాపు అంతే. కానీ ఆలస్యంగా తెరుచుకుంటుంది, ముందుగా మూసుకుంటుంది. రెండుసార్లు కొలిచినాను. రెండుసార్లూ అంతే.

కారణం మామ గోడ మీద సుద్దతో గీసి చూపించినాడు. పాత రాకర్ అడుగు పెద్ద చక్రంలో ఒక ముక్క లాగా వెడల్పుగా ఉంటుంది. క్యామ్ ఉబ్బు దానికి ముందే తగులుతుంది. రోలర్ చిన్నది కాబట్టి ఉబ్బు ఆలస్యంగా తగులుతుంది, తొందరగా వదిలేస్తుంది. వాల్వు తెరిచి ఉండే సేపు తగ్గితే వేగంలో ఇంజనుకి గాలి చాలదు. స్పీడు పెరగడానికి బదులు తగ్గుతుంది. రోలర్ మంచిదే, కానీ దానికి తగినట్టు గీసిన క్యామ్ కూడా కావాల. ఏతం నిష్పత్తి ఎక్కువ ఉండే రాకర్ అయితే వాల్వు ఇంకా లోతుకి దిగుతుంది. అప్పుడు పిస్టన్ మీద పిల్లలు ఆడుకునే రంగు మట్టి పెట్టి, ఇంజను చేత్తో తిప్పి, మళ్ళీ విప్పి మట్టి ఎంత మందం మిగిలిందో చూడాల. స్ప్రింగు అంత నొక్కుడుకి తట్టుకుంటుందా అనీ చూడాల.

"ఇవన్నీ చేసి రేసు తోలాలంటే కోయంబత్తూరులో కారి ట్రాక్ ఉంది, శ్రీపెరంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ ఉంది. ఆడికి పోండి. ఇది పూలు మోసే బండిరా" అన్నాడు మామ.

ఈ లోపల మూడు రోజులు నాయన పూల కట్టలు నెత్తిన పెట్టుకుని బస్సులో పోయినాడు. పూలకి తెల్లవారుజామున ఒక ధర, ఎండెక్కినాక ఇంకో ధర. మూడో రోజు సగం కట్టలు వాడిపోయి తిరిగి వచ్చినాయి. నాయన ఏమీ అనలేదు. అమ్మ వాడిన పూలని పెరట్లో గుట్టగా పోసింది. అది చూస్తూ అన్నం తినబుద్ధి కాలేదు.

ఆ రాత్రి అన్న దగ్గరికి పోయి, "నేను కొలవకుండానే చెప్పినాను అన్నా. నాకు తెలియదు, తెలిసినట్టు చెప్పినాను" అన్నాను. అన్న కొడతాడేమో అనుకున్నాను. కొంచెం సేపు ఊరికే ఉండి, "నేనూ అడగకుండానే కొన్నాను గదరా" అన్నాడు.

డబ్బా తెరిచినందుకు అంగడివాళ్ళు ఆ ముక్కని వెనక్కి తీసుకోలేదు. బండికి కంపెనీ కొలతల మామూలు రాకర్లు రెండు, కొత్త క్యామ్ వేసినాము. పాత రాకర్‌కి కొత్త క్యామ్ వేసినా, పాత క్యామ్‌కి కొత్త రాకర్ వేసినా ఒకటి ఇంకోదాన్ని తినేస్తుందంట. మామ డబ్బు తరువాత ఇమ్మన్నాడు. మిగిలిన సెలవులన్నీ నేను అంగడిలో పని చేసి కొంత తీర్చినాను. ఫీలర్ గేజ్‌తో ట్యాపెట్ సందు పెట్టడం ఇప్పుడు నాకు వచ్చు. రేకు మరీ సులువుగా జారకూడదు, బిగుసుకోకూడదు. కాగితం లాగినట్టు రావాల.

ఆ రోలర్ రాకర్ నా పుస్తకాల గూట్లో ఉంది. లెక్కలు చేస్తూ అప్పుడప్పుడూ దాని చక్రం తిప్పుతాను. చప్పుడు లేకుండా ఇప్పటికీ బాగా తిరుగుతుంది. దానికి తగిన ఇంజను ఎక్కడో ఉంటుంది, అది మాది కాదు.

మా ఇంటి క్యాలెండరులో ఆయిలు మార్చే తేదీ ఎర్ర పెన్నుతో రాసే పని ఇప్పుడు నాది. తెల్లవారుజామున నాయన బండి స్టార్ట్ చేసేటప్పుడు నాకు మెలకువ వస్తుంది. వీధి మలుపు దాటే దాకా పడుకునే చెవి పెట్టి వింటాను. టకటక లేదు అని నిదానించుకున్నాకే మళ్ళీ కళ్ళు మూస్తాను.