దారి మునిగినచోట లాంచీయే దారి

రోడ్డు ప్రక్కనున్న ప్రదేశాన్ని చూడటానికి మనం పెద్దగా ఆలోచించము. చుట్టూ నీరున్న ప్రదేశం సంగతి వేరు. అక్కడ పడవ నడిస్తేనే ప్రవేశం. పడవ ఆగితే, అది ప్రజల ఆస్తి అయినప్పటికీ ప్రజలకు అందదు. నాగార్జునకొండ అటువంటి చోటు.

సుమారు 1,700 ఏళ్ళ క్రితం ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వర్ధిల్లిన కృష్ణా లోయ అది. 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోనున్నదని గ్రహించిన పురావస్తు శాఖ 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో విస్తృతంగా త్రవ్వకాలు జరిపింది. ముఖ్యమైన కట్టడాలలో కొన్నింటిని కొండపైన, మరికొన్నింటిని ఒడ్డున అనుపు వద్ద తిరిగి నిర్మించారు. లోయలోని పల్లెల ప్రజలు ఇళ్ళు, పొలాలు వదిలి తరలిపోయారు. నీరు నిండాక కొండ ద్వీపమైంది. అనుపు దాకా వాహనం వెళుతుంది. కొండకు మాత్రం లాంచీయే శరణ్యం.

విజయపురి సౌత్ రేవు నుండి ప్రయాణం గంటకు కాస్త అటూ ఇటుగా ఉంటుంది. ద్వీపంలోని మ్యూజియంలో మునిగిన లోయ నమూనాను చూస్తూ, “ఈ వీధులిప్పుడు ఎక్కడున్నాయి, ఉస్తాద్?” అని మా విద్యార్థి ఒకడు అడిగాడు. “ఇందాక మన లాంచీ వాటి మీదుగానే వచ్చింది, నాయనా” అన్నాను. పిల్లలందరూ కిటికీ వైపు తిరిగి నీటిని చూశారు.

దారి ఒక్కటే కావటం ఆ కొండకు రక్షణ కూడా. అక్కడికి వాహనాల రద్దీ చేరదు. వెళ్ళినవారు చివరి లాంచీకి తిరిగి రావలసిందే. అయితే సందర్శకులకు ఇందులో కష్టమూ ఉన్నది. గాలి హెచ్చితే లాంచీ ఆగవచ్చు. ప్రయాణికులు తక్కువైతే వేచి ఉండవలసి రావచ్చు. శుక్రవారం మ్యూజియంకు సెలవు. కనుక ముందుగా విచారించుకొని బయలుదేరాలి.

రేవులో ఆలస్యమైనప్పుడు “ఇంత దూరం వచ్చాము, ఎలాగైనా తీసుకువెళ్ళండి” అని సిబ్బందిని ఒత్తిడి చేసేవారు కనిపిస్తుంటారు. 2019 సెప్టెంబర్ 15న గోదావరి వరద ఉధృతిలో పాపికొండలకు బయలుదేరిన పడవ కచ్చులూరు వద్ద మునిగి, పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఆ విషాదాన్ని గుర్తుంచుకున్నవారు నీటి మీద తొందరపడరు.

పరిమితికి మించి జనం ఎక్కితే, ఆ లాంచీని వదిలి తరువాతి దానికి ఆగండి. ఉక్కపోస్తుందని లైఫ్ జాకెట్ విప్పవద్దు; పిల్లలకు వారి కొలతదే అడిగి తొడిగించండి. వృద్ధులను మెట్ల మీద, లాంచీ అంచున చేయి పట్టుకొని దించండి. ఈనాడు లాంచీ లేదని సిబ్బంది చెబితే, అనుపు చూసి ఇంటికి మరలండి. కొండను మరో రోజు చూడవచ్చు.