క్యామ్రీ లెక్క, అమ్మ మోకాళ్లు

అమెరికాలో తెలుగువారి ఇంటి ముందు తులసికోట ఉన్నా లేకున్నా టొయోటా క్యామ్రీ ఉంటుందని మా మిత్రబృందంలో ఒక పాత పరిహాసం. (జపాను భాషలో కిరీటమనే అర్థమున్న మాట నుంచి పుట్టిన పేరది.) 2025 మోడలుగా ఆ కారు రూపు మార్చుకున్నప్పుడు నన్ను ఆకర్షించినది కొత్త ముఖం కాదు. ఉత్త పెట్రోలు ఇంజన్లకు స్వస్తి చెప్పి, అన్ని రకాలనూ హైబ్రిడ్‌గానే తేవడం.

ఎల్‌ఈ రకం పెట్రోలు కారు 2024లో 26,420 డాలర్లు. కొత్తది 28,400తో మొదలైంది. రవాణా, పన్నులు వేరు. పాతది గ్యాలనుకు సగటున 32 మైళ్లు నడిస్తే ఇది 51 నడుస్తుంది. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగే మా ఇంటికి సుమారు 140 గ్యాలన్లు మిగులు. గ్యాలను మూడు డాలర్లనుకున్నా అయిదేళ్లలోపే ఆ తేడా తీరిపోతుంది. కారును పదేళ్లు వాడుకునే మాబోటి వారికి ఇది మంచి బేరమే. పాదచారి అడ్డు వస్తే తనంతట తానే బ్రేకు వేసే ఏర్పాటు చవక రకానికీ ఉంది.

అయితే అడుగున చట్రం మునుపటిదే. ఇరుసుల మధ్య దూరమూ పెరగలేదు. సీటు ఎత్తు సెడాన్ ఎత్తే. ఏటా వేసవికి వచ్చే మా అమ్మకు చిక్కంతా అక్కడే.

"కూర్చోవడానికేం నాయనా, లేవడమే కష్టం" అంటుంది.

పొరుగువారి ఎత్తైన ఎస్‌యూవీలోకి ఆమె సునాయాసంగా ఎక్కడం చూశాను. ఆ సౌఖ్యం నా గ్యాలన్ల లెక్కలో ఎక్కడా లేదు. వచ్చే నెల ఆమె రాగానే షోరూముకు తీసుకువెళ్లి, వెనుక సీటులో రెండుమూడు సార్లు కూర్చోబెట్టి, లేపి చూశాకే సంతకం.