తమ్ముళ్ల మొదటి సర్ఫ్ బోర్డు

మాది పాడేరు వైపు, చదువు విశాఖ హాస్టల్లో. సెలవులకి వచ్చిన మా తమ్ముళ్లని రుషికొండ తీసుకెళ్లాం. సన్నగా మెరిసే ఫైబర్ బోర్డే కావాలన్నారు. నేర్పే అన్న వద్దన్నాడు. అది నిలబడనివ్వదు, తిరగబడి తలకి తగిలితే గాయమే.

పిల్లలకి మెత్తటి ఫోమ్ బోర్డు మంచిది. వాళ్లకంటే 1-2 అడుగులు పొడవు, వెడల్పు, మందం ఉండాలి. కింది ఫిన్లూ మెత్తగా ఉండాలి. బోర్డు తాడు కాలికి కట్టాలి. కొనేముందు అద్దెకి తీసుకోండి. గెడ్డలో ఈదిన ధైర్యం సముద్రానికి చాలదు, నడుము లోతు దాటనివ్వొద్దు.

చిన్నోడు పడ్డాడు, నవ్వుతూ లేచాడు. మాకు ఫస్టియర్ గుర్తొచ్చింది. ఇంగ్లిషు రాక, చెప్పేవాళ్లు లేక పడ్డ ప్రతిసారీ దెబ్బే తగిలింది. ఈ ఏడు కొత్తగా వచ్చే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, భయపడకండి. మేమున్నాం.