లైకులు ఎన్ని వస్తే ఒక పెట్టె అమ్ముడైనట్టు?

“పదిహేను వేలు పడెయ్ చెల్లాయ్, ఆర్డర్లు వాటంతటవే వస్తాయి.” చెప్పినవాడు పెదనాన్న కొడుకు. హైదరాబాదులో ఉద్యోగం, ఫోను సంగతులన్నీ తెలిసిన మనిషి. విన్నది ఆత్రేయపురం దగ్గర ఇంట్లోనే పూతరేకులు చుట్టి అమ్ముకునే చెల్లెలు. ఆ మాట తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఖర్చు పదిహేను వేలతో ఆగలేదు. ప్రకటన మీద 18 శాతం జీఎస్టీ, అంటే మరో 2,700. మొత్తం 17,700 రూపాయలు. ఆమె ఆ సొమ్మును నెయ్యి లెక్కలో చెబుతుంది. కిలో ఏడువందలు వేసుకున్నా పాతిక కిలోల నెయ్యి. ఆ నెయ్యి ఇంట్లో ఉంటే పండక్కి ఎన్ని పెట్టెలు చుట్టి ఉండేదో వేళ్ల మీద లెక్కేసి చెబుతుంది.

అన్నయ్య చేయించింది సులువైన పనే. రేకు తీసే వీడియో ఒకటి ఫేస్‌బుక్‌లో పెట్టించాడు. బోర్లించిన కుండ, కింద మంట. పల్చటి గుడ్డను బియ్యపు పిండి జారులో ముంచి కుండ మీదుగా లాగగానే తెల్లటి పొర లేచి వస్తుంది. చూడముచ్చటైన వీడియో. దాని కిందున్న ‘బూస్ట్’ బటన్ నొక్కి, రాజమండ్రి చుట్టుపక్కల ప్రాంతాన్ని ఎంచుకున్నారు. లైకులు వేలల్లో వచ్చాయి. “సూపర్ వదినా”, “మన ఊరి పరువు నిలబెట్టావు” అని కామెంట్లు. ఆర్డర్లు మాత్రం 31.

ఒక్కో పెట్టె 500 రూపాయలు. రేకులు, బెల్లం, నెయ్యి, జీడిపప్పు, కూలి కలిపి 270, ప్యాకింగుకు 30, కొరియరుకు 80. పోను మిగిలేది 120. ప్రకటన ఖర్చు 17,700ను 120తో భాగిస్తే 147న్నర. అంటే 148 పెట్టెలు అమ్మితేగాని పెట్టిన డబ్బు వెనక్కి రాదు. 31 పెట్టెల మీద వచ్చింది 3,720. పోయింది 13,980. ఒక్కో కొనుగోలుదారుణ్ని తేవడానికి 571 రూపాయలు ఖర్చయింది. పెట్టె ధర కంటే ఎక్కువ! ఈ భాగహారం బటన్ నొక్కకముందు చేసి ఉంటే పావుగంట పని.

తప్పు వీడియోది కాదు, సరుకుదీ కాదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ పేరును కొత్తగా ఎవరికీ పరిచయం చేయాల్సిన పని లేదు. పొరపాటు రెండు చోట్ల జరిగింది. మొదటిది, ఎంచుకున్న ప్రాంతం. రావులపాలెం మీదుగా రోజూ తిరిగేవాళ్లు హైవే పక్క దుకాణంలో ఆగి కొనుక్కుంటారు, కొరియరులో ఎందుకు తెప్పించుకుంటారు? రెండోది, ఫేస్‌బుక్‌కు ఏ లక్ష్యం చెబితే అలాంటి మనుషులనే వెతికి ప్రకటన చూపిస్తుంది. స్పందన కావాలంటే లైకు కొట్టే అలవాటున్నవాళ్లకు, వాట్సాప్‌లో సందేశాలు కావాలంటే అడిగి కనుక్కునేవాళ్లకు. ఆమె కోరకుండానే లైకులు కొనుక్కుంది.

అసలు ప్రకటనకు డబ్బు పెట్టడం మన తెలుగువాళ్లకు కొత్త విద్య కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పుడు సంగీత సభల్లో దాన్ని ఉచితంగా పంచారని చెబుతారు. తలనొప్పి తగ్గినవాడు రెండో డబ్బా డబ్బిచ్చి కొంటాడన్నది అందులోని లెక్క. ఇక మన గోదావరి డెల్టాలోనే చూస్తే, 2016 సెప్టెంబరు 6న తాపేశ్వరంలో తయారైన లడ్డూ 29,465 కిలోలు తూగి పి.వి.వి.ఎస్. మల్లికార్జునరావు పేరున గిన్నిస్ రికార్డుకెక్కింది. ఆ దెబ్బతో ఊరి పేరు మరోసారి దేశమంతా తిరిగింది. అయితే అంత ఖర్చు పెద్ద వ్యాపారం మోయగలదు. ఇంట్లో చుట్టి అమ్ముకునేవాళ్లకు పనికొచ్చేది నాగేశ్వరరావు గారి దారే: ఒకసారి రుచి చూసినవాడు మళ్లీ వస్తాడా, లేదా?

రెండోసారి హైదరాబాదువాళ్లకు అమ్మాలనుకుని ఆమె ముందు ఆడిటరు గారి దగ్గరికి వెళ్లింది. అక్కడ తెలిసిన సంగతి చాలామంది చిన్న వ్యాపారులకు తెలియదు. 2014 జూన్ 2 నుంచి హైదరాబాదు మనకు వేరే రాష్ట్రం. పన్ను పడే సరుకును పక్క రాష్ట్రానికి అమ్మాలంటే, అమ్మకాలు ఎంత తక్కువైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. చిన్న వ్యాపారులు తక్కువ శాతం పన్ను కట్టే కాంపొజిషన్ స్కీములో ఉంటే ఆ అమ్మకం కుదరదు. మామూలు రిజిస్ట్రేషనులో మరో లాభం ఉంది. ప్రకటన ఖాతాలో జీఎస్టీ నంబరు ఇస్తే ఆ 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్‌గా, కట్టాల్సిన పన్నులో సర్దుబాటు అవుతుంది. మొదటిసారి కట్టిన 2,700 మాత్రం గోదారిలో కలిసినట్టే.

రిజిస్ట్రేషన్ చేయించుకుని మళ్లీ ప్రకటన ఇచ్చింది. ఈసారి రోజుకు 200, పది రోజులు. చూసేవాళ్లు హైదరాబాదువాళ్లు. లక్ష్యం వాట్సాప్ సందేశాలు. కనీసం రెండు పెట్టెలు తీసుకోవాలని నియమం పెట్టింది, పెట్టె ధర మీద 5 శాతం జీఎస్టీ విడిగా వేసింది. రెండు పెట్టెలకు 1,000 వస్తే సరుకు, ప్యాకింగు 600, కొరియరు 120. మిగులు 280. ఆర్డర్లు 22. మొత్తం మిగులు 6,160, అందులో ప్రకటనకు 2,000 పోతే చేతిలో 4,160. ఒక్కో ఆర్డరుకు పడిన ప్రకటన ఖర్చు 91 రూపాయలు. తర్వాత ఆ 22 మందిలో ఏడుగురు మళ్లీ తెప్పించుకున్నారు. పైసా ప్రకటన లేకుండా మరో 1,960. మొదటిసారి పెట్టినదాంట్లో ఏడో వంతు కూడా ఖర్చు కాలేదు!

మిగతా దారులూ ఉన్నాయి. 1989లో ఈనాడు జిల్లా పేజీలు తెచ్చాక పత్రికా ప్రకటన చిన్న కొట్లకూ అందింది. ఊళ్లోనే అమ్ముకునేవాళ్లకు మైకు ఆటో, కేబుల్ స్క్రోలింగు, ఉచితంగా దొరికే గూగుల్ మ్యాప్స్ నమోదు చాలు.

అన్నయ్య మీద ఆమెకు కోపం పూర్తిగా పోలేదు. చెడు కోరి చెప్పలేదని తెలుసు. కానీ అదే మాట బయటి ఏజెంటు చెప్పి ఉంటే వంద ప్రశ్నలు అడిగేది. ఇంటి మనిషి కాబట్టి ఒక్కటీ అడగలేదు. డబ్బు విషయంలో చుట్టరికం ఉన్నచోటే లెక్క గట్టిగా అడగాలని ఆమె ఇప్పుడు పిల్లలకు చెబుతోంది.

మీరూ ప్రకటనకు డబ్బు తీస్తున్నారా? ఒక్కో అమ్మకం మీద మీకు మిగిలేదెంతో ముందు కాగితం మీద రాయండి. ప్రకటన ఖర్చును దాంతో భాగించండి. వచ్చిన సంఖ్య ఎంతో, అన్ని అమ్మకాలు మీవల్ల అవుతాయా అని నిజాయితీగా చూసుకోండి. కాదనిపిస్తే ఆ నెల బూస్ట్ బటన్ జోలికి వెళ్లకండి, చెప్పినవాళ్లు ఎంత దగ్గరివాళ్లయినా సరే.