ఊరికే వచ్చిన పిల్లికి ఒక పద్దు

మన ఇళ్లలోకి పిల్లి దాదాపు ఎప్పుడూ డబ్బు లేకుండానే వస్తుంది. వానాకాలంలో మెట్ల కింద తలదాచుకున్నదో, అటక మీద తల్లి వదిలేసి పోయినదో, పక్కింటివాళ్లు ఊరు మారుతూ మన చేతిలో పెట్టినదో అయి ఉంటుంది. పైసా ఇచ్చి తెచ్చుకోలేదు కాబట్టి ఇంటి లెక్కల్లో దానికి చోటుండదు. బియ్యానికి, కరెంటుకి, స్కూలు ఫీజుకి, ఇంటి లోను వాయిదాకి ఒక్కో వరుస ఉంటుంది. పిల్లి మాత్రం ‘ఇతరాలు’లో కలిసిపోతుంది. దానికి జబ్బు చేసిన రోజున ఆ ఇతరాలు ఒక్కసారిగా పదిహేను వేలో ఇరవై వేలో అవుతాయి. చేతిలో డబ్బు లేక వైద్యం మధ్యలో ఆపేసినవాళ్లను నేను దగ్గరగా చూశాను. వాళ్లకు ప్రేమ తక్కువై కాదు, ఆ డబ్బును ఎవరూ ముందుగా పక్కన పెట్టకపోవడం వల్ల. ఇంట్లోనే పెరిగే పిల్లులు 12 నుంచి 15 ఏళ్లు, కొన్నయితే ఇంకా ఎక్కువే బతుకుతాయి. చాలామంది కారు లోనుకంటే ఇది పొడవైన ఖర్చు.

మేము హైదరాబాద్‌లో రెండు జీతాల మీద నడిచే కుటుంబం. మా ఇంట్లో రెండు పిల్లులు. మొదటిది మూడు రంగులది, మా పెరటి వైపు అటక మీద దొరికిన మూడు కూనల్లో ఒకటి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు కదా, ఆ తల్లి మా ఇంటి దగ్గరికి వచ్చేసరికి కూనలకు నెల దాటింది. మూడు రంగులు చూడగానే ఇది ఆడదే అయి ఉంటుందని నాకు తెలిసిపోయింది. ఎరుపు, నలుపు రంగుల్ని నిర్ణయించే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. రెండూ ఒంటి మీద కనిపించాలంటే రెండు ఎక్స్‌లు కావాలి, అందుకే మూడు రంగుల మగ పిల్లి చాలా అరుదు. ఆడదంటే పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషన్ ఖర్చు మగదానికంటే ఎక్కువ. దాన్ని ఇంట్లో ఉంచుకుందామని అనుకున్న రాత్రే మా వారూ నేనూ కూర్చుని ఆ ఏడాదికి దాని ఖర్చు రాసుకున్నాం.

ముందుగా టీకాలు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి మోతాదు, ఆ తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, చివరిది 16 వారాలు నిండాక. మూడు జబ్బులకు కలిపి వేసే టీకా మా క్లినిక్‌లో మోతాదుకు 900 రూపాయలు. మూడు మోతాదులకు 2,700. మూడు నెలలు నిండాక వేసే రేబిస్ టీకా 350. నులిపురుగుల మందుకు మరో 150. మొత్తం 3,200. ఒక్క మోతాదుతో సరిపెడదామా అని ఆలోచించేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి ఆపకండి. తల్లిపాల ద్వారా వచ్చిన రక్షణ కూన ఒంట్లో ఉన్నంతకాలం టీకా పూర్తిగా పట్టదు. ఆ రక్షణ ఏ వారంలో తగ్గిపోతుందో బయటి నుంచి తెలియదు కాబట్టే ఇన్ని మోతాదులు వేస్తారు.

ఆ మూడు జబ్బుల్లో పాన్‌ల్యూకోపీనియా గురించి కాస్త ఆగి చెప్పాలి. ఇది కుక్కల్లో వచ్చే పార్వో వైరస్‌కు దగ్గరి చుట్టం. వాంతులు, విరేచనాలు, తిండి మానేయడం, ఒక్కసారిగా నీరసించిపోవడం దీని లక్షణాలు. ఒంట్లో తెల్లరక్తకణాలు పడిపోతాయి. ఈ వైరస్‌ను నేరుగా చంపే మందు లేదు. సెలైన్, వాంతులు ఆగే మందు, యాంటీబయాటిక్ ఇస్తూ కూన తట్టుకునేదాకా కాచుకోవడమే వైద్యం. అయిదారు రోజులు ఆసుపత్రిలో ఉంచితే టీకాలకు పెట్టేదానికి ఎన్నో రెట్లు అవుతుంది, అప్పటికీ చిన్న కూనల్లో చాలా చనిపోతాయి. కింది వాటాలో వదిన వాళ్లింట్లో ఇలాగే రెండు కూనలు పోయాయి. ఆ దిగులు తగ్గకముందే ఇంకో కూనను తెచ్చుకుందామనుకున్నారు. ఆవిడ నన్ను అడిగినప్పుడు ఒకటే చెప్పాను: “వదినా, ఈ వైరస్ ఇంట్లో నేల మీద, గుడ్డల్లో ఏడాది దాకా బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌కు చావదు. నీళ్లలో కలిపిన బ్లీచింగ్‌తో నేలంతా తుడవండి, పాత పరుపు, మట్టి ట్రే పారేయండి. టీకాలన్నీ పూర్తయిన పెద్ద పిల్లినే తెచ్చుకోండి.” అలాగే చేశారు. ఆ పిల్లి ఇప్పుడు వాళ్ల బాల్కనీలో హాయిగా ఉంది.

రెండో పెద్ద ఖర్చు సంతాన నిరోధక ఆపరేషన్. మా ప్రాంతంలో ప్రైవేటు క్లినిక్‌లో ఆడపిల్లికి 5,500 తీసుకున్నారు. ఐదో నెలలో చేయించాం. ఆ మాట చెప్పగానే నలుగురూ ఒకే సలహా ఇచ్చారు: “ఒక్క కాన్పు కానివ్వండి, ఆరోగ్యానికి మంచిది.” ఈ మాటకు ఆధారం లేదు. నాలుగు నెలలకే ఎదకు వచ్చే పిల్లులుంటాయి. గర్భం తొమ్మిది వారాలే. పిల్లలు పాలు తాగుతుండగానే తల్లి మళ్లీ కట్టవచ్చు. ఆరు నెలల లోపు ఆపరేషన్ చేయిస్తే రొమ్ము క్యాన్సర్ ముప్పు 90 శాతం దాకా తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. గర్భసంచిలో చీము పట్టే జబ్బు ఇక రాదు. ఆ జబ్బు వచ్చాక చేసే ఆపరేషన్ ఒంట్లో శక్తి లేని ప్రాణికి, అప్పటికప్పుడు, ఎక్కువ ఖర్చుతో చేసేది. ఇక డబ్బు లెక్క చూద్దాం. ఒక్క కాన్పులో నాలుగు కూనలనుకుంటే, వాటి టీకాలు, పురుగుల మందు ఒక్కోదానికి 3,200 చొప్పున 12,800. తల్లికి, కూనలకు రెండు నెలల తిండి దీనికి అదనం. 5,500 పెట్టడం భారమనుకున్న ఇల్లు దానికి రెండింతలకుపైగా మోయాల్సి వస్తుంది. లేదా టీకాల్లేని నాలుగు కూనల్ని వీధిలోకి వదలాల్సి వస్తుంది. రెండోదే ఎక్కువగా జరుగుతోంది. మన కాలనీల్లో వానాకాలానికి కనిపించే కూనల్లో చాలా అలా వచ్చినవే.

ప్రైవేటులో చేయించలేనివాళ్లకు దారులు లేకపోలేదు. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల ఆసుపత్రుల్లో పిల్లుల్నీ చూస్తారు. అక్కినేని అమల స్థాపించిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి సంస్థలూ ఉన్నాయి. పొద్దున్నే వెళ్లి వరుసలో నిలబడాలి, ఒక పూట సెలవు పెట్టాలి. ఆ కష్టానికి మిగిలే డబ్బు చిన్నది కాదు.

తిండి విషయంలో మాట్లాడుకునేవి చాలా ఉన్నా ముఖ్యమైనది ఒకటే. పెరుగన్నం, పాలు పిల్లికి సరిపోయే తిండి కాదు. పిల్లి ఒళ్లు టారిన్ అనే పోషకాన్ని చాలినంత తయారు చేసుకోలేదు, అది మాంసం, చేపల నుంచే రావాలి. చాలకపోతే గుండె జబ్బు వస్తుంది, చూపు పోతుంది. కుక్కల తిండి చవకని అదే పెట్టేవాళ్లకూ ఇదే మాట. పెద్ద పిల్లుల్లో చాలావాటికి ఆవుపాలు, గేదెపాలు అరగవు. తల్లి లేని కూనలకైతే ఆ పాలు విరేచనాలే తెస్తాయి. వాటి కోసం కూనల పాలపొడి దొరుకుతుంది. ముందు ఒళ్లు వెచ్చబడాలి, ఆ తర్వాతే పాలు. చల్లబడిన కూనకు పాలు పడితే అరగవు. మూడు వారాల దాకా తల్లి నాకితే తప్ప మూత్రం కూడా రాదు, మనం వెచ్చటి తడి దూదితో ఆ పని చేయాలి. ఇలాంటి కూనను పెంచేవాళ్లకు నేను కొనమని చెప్పే మొదటి వస్తువు మూడు నాలుగు వందల వంటింటి తూకం. పుట్టినప్పుడు దాదాపు 100 గ్రాములుండే కూన రోజుకు పది గ్రాములకు అటూ ఇటూగా పెరగాలి. ఒక రోజు బరువు పెరగలేదంటే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన రోజు అదే. కంటికి తేడా కనిపించేసరికి ఆలస్యమైపోతుంది.

ఇప్పుడు మా రెండో పిల్లి సంగతి. అది మగది, ఆపరేషన్ అయినదే. నాలుగో ఏట ఒక రాత్రి మట్టి ట్రేలోకి మాటిమాటికీ వెళ్లి కూర్చుంటోంది, చుక్క పడటం లేదు, మూలుగుతోంది. మగ పిల్లుల మూత్రనాళం సన్నగా ఉంటుంది. స్ఫటికాలో జిగటో అడ్డుపడితే మూత్రం పూర్తిగా ఆగిపోతుంది. ఒంట్లో పొటాషియం పెరిగి గుండె ఆగే ప్రమాదం ఒకటి రెండు రోజుల్లోనే వస్తుంది. తెల్లవారేదాకా ఆగే జబ్బు కాదిది. రాత్రి తెరిచి ఉండే క్లినిక్‌కు తీసుకెళ్లాం. డాక్టరు 20 వేలదాకా కావచ్చన్నారు. నేను రెండే అడిగాను: “ఈ రాత్రే చేయాల్సినవి ఏవి, రేపు చూసుకోగలిగినవి ఏవి? అంచనా కాగితం మీద రాసిస్తారా?” రక్తపరీక్ష, మత్తు, గొట్టం వేయడం, సెలైన్ ఆ రాత్రికి. స్కానింగ్ మర్నాటికి. చివరికి అయిన బిల్లు 17,400.

ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందంటే, పిల్లికి 500 చొప్పున నెలకు వెయ్యి రూపాయలు విడిగా ఒక పొదుపు ఖాతాలో వేస్తూ వచ్చాం. దానికి వేరే డెబిట్ కార్డు ఉంది. ఎక్కువ వడ్డీ వచ్చేచోట పెడదామని మా వారు అన్నారు. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ అయిదేళ్లది, మూడేళ్లు నిండకుండా మూసి డబ్బు తీసుకునే వీల్లేదు. బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను ముందుగా విరిస్తే వడ్డీలో కొంత పోతుంది. అర్ధరాత్రి కౌంటరు దగ్గర కార్డు గీసి కట్టగలిగే డబ్బే పిల్లి వైద్యానికి పనికొస్తుంది. వడ్డీ తక్కువైనా ఈ ఖాతా పొదుపు ఖాతాగానే ఉండాలన్నది నా నిర్ణయం, ఇప్పటికీ మార్చలేదు. ఆ తర్వాత డాక్టరు చెప్పిన, మూత్రనాళ జబ్బుకు పెట్టే తిండి, నీళ్లు ఎక్కువుండే తడి తిండి మొదలుపెట్టాం. ఇప్పుడు రెండు పిల్లులకు నెలకు తిండి 2,600, ట్రేలో పోసే మట్టి 900, పొదుపు 1,000, వెరసి 4,500. ఏటా వేయించే టీకాలు మరో 2,500.

బీమా సంగతీ చూశాను. మన దగ్గర పెంపుడు జంతువుల బీమా ఎక్కువగా కుక్కల కోసమే. పిల్లులకు ఉన్నచోట కూడా ముందే ఉన్న జబ్బులు, టీకాలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ సాధారణంగా అందులోకి రావు. ఎంత వయసు దాకా తీసుకుంటారు, చేరిన ఎన్నాళ్లకు మొదలవుతుంది అన్న రెండు వరుసలు చదివాకే సంతకం పెట్టండి. మేము తీసుకోలేదు. మాది పొదుపు ఖాతా దారి.

పిల్లులు పెంచేవాళ్లం కలిస్తే సలహాలకు కొదవుండదు. ఒకరి అనుభవం ఇంకొకరికి నిజంగా పనికొస్తుంది. ఏ డాక్టరు పిల్లిని బెదరనివ్వకుండా చూస్తారో, ఏ క్లినిక్‌లో రేటు ఎంతో నాకు అలాగే తెలిసింది. మందుల దగ్గర మాత్రం ఆ దారి వద్దు. జ్వరానికి పారాసెటమాల్ అరమాత్ర వేయమని చెప్పేవాళ్లున్నారు. పిల్లి కాలేయం దాన్ని విరగ్గొట్టలేదు, రక్తం ప్రాణవాయువును మోయలేకుండా పోతుంది, అరమాత్రకే ప్రాణం పోవచ్చు. కుక్కల పేలకు మెడ మీద వేసే మందుల్లో పెర్మెత్రిన్ ఉంటే అది పిల్లికి విషం. పూలకుండీలో లిల్లీ జాతి మొక్కలుంటే ఆకు నమిలినా, పుప్పొడి నాకినా మూత్రపిండాలు పాడవుతాయి. డాక్టరుకిచ్చే 400 రూపాయలు మిగుల్చుకోవడానికి ఈ ప్రయోగాలు చేయవద్దు. పిల్లి మనల్ని కరిచినా, రక్తం వచ్చేలా గీరినా సబ్బు, ధార నీళ్లతో పావుగంట కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. రేబిస్ టీకా ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం.

మా ఇంట్లో ఇంకో మాట ముందే అనుకున్నాం. జబ్బు ఎంత పెద్దదైతే ఎంతదాకా ఖర్చు పెట్టగలం, అప్పు చేస్తామా చేయమా అన్నది. చేయం అనుకున్నాం. పిల్లి నొప్పితో మూలుగుతుంటే ఈ మాట మాట్లాడుకోలేం, అందుకే అది బాగున్న రోజునే మాట్లాడుకోవాలి. ఉదాహరణకు ఒకప్పుడు పిల్లికి ఎఫ్‌ఐపీ అనే జబ్బు వస్తే చావే. ఇప్పుడు దానికి మందు వచ్చింది, రోజూ ఇస్తూ సాధారణంగా 84 రోజులు వాడాలి, అది చాలా ఖరీదు. అంత పెట్టలేకపోయిన కుటుంబాన్ని ఎవరూ తప్పుపట్టకూడదని నా గట్టి నమ్మకం. ఉన్నంతలో పిల్లికి నొప్పి లేకుండా చూసినా అది ప్రేమే.

అటక మీద దొరికినవాటిలో మిగతా రెండు కూనల్ని ఇద్దరు తెలిసినవాళ్లకు ఇచ్చాను. ఇచ్చేముందు మొదటి టీకా మేమే వేయించి, కార్డు చేతికిచ్చాం. ఆపరేషన్ డబ్బులో సగం వాళ్ల దగ్గర తీసుకుని ఉంచి, ఐదో నెలలో చేయించాక తిరిగి ఇచ్చాం. ఇద్దరూ చేయించారు. మీ ఇంట్లో ఇప్పుడు కూనలుంటే, ఎవరికైనా ఇవ్వబోతుంటే, ఊరికే ఇవ్వకండి. కార్డుతో, ఆపరేషన్ నెల రాసిన కాగితంతో ఇవ్వండి. తీసుకునేవాళ్లు వెనకాడితే ఇంకో ఇల్లు వెతకండి.