చెల్లని నోటుకు ధర కట్టేదెవరు?

పాతదైతే చాలు విలువైనదే అన్నది మా ఇంట్లో వేదవాక్యం. తాతల నాటి ఇత్తడి చెంబు మొదలు, నాయనమ్మ పెట్టెలో పసుపుగుడ్డలో మూటగట్టిన పదకొండు నోట్ల దాకా అన్నింటికీ అదే సూత్రం. కిందటేడు ఎండాకాలం బావి మీది మోటారు కాలిపోయి, చిన్నాయన అప్పు కోసం గడపగడపా తిరుగుతున్న రోజుల్లో ఆ మూట విప్పవలసి వచ్చింది. నేను చరిత్ర విద్యార్థిని కనుక బేరం బాధ్యత నా నెత్తిన పడింది. చరిత్ర చదివేవాడు దేనికైనా పనికొస్తాడని మా ఇంట్లో అనుకోవడం అదే మొదటిసారి!

అంతకుముందే ఎవడో ఫోనులో ట్రాక్టరు బొమ్మ ఉన్న అయిదు రూపాయల నోటుకు లక్షలిస్తామన్నాడట. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు పంపాలట. రిజర్వు బ్యాంకు ఇటువంటి మోసాల గురించి 2021లోనే హెచ్చరించింది. చిన్నాయనకు ఆ సంగతి తెలియదు గాని, "లక్షలిచ్చేటోడు నా దగ్గర వెయ్యికి చెయ్యి చాపుతడారా?" అని ఫోను పెట్టేశాడు.

ఇద్దరం కోఠి వైపు ఒక పాత నాణేల దుకాణానికి వెళ్ళాం. దుకాణం పెద్దమనిషి పది నోట్లను పేకముక్కల్లా తిరగేసి పక్కన పెట్టాడు. అన్నీ ఒక రూపాయి, రెండు రూపాయలు, ట్రాక్టరు అయిదులు. "ఇవి కోట్లల్ల అచ్చయినయి బాబూ. ఇంటింటికీ ఉన్నయి" అన్నాడు. రూపాయి నోటు ముద్రణ 1994లో ఆగి మళ్ళీ 2015లో మొదలైంది. అయినా పాతవాటికి గిరాకీ పెద్దగా లేదు. అదే 1918లో వచ్చిన రెండున్నర రూపాయల నోటైతే వేరే కథ. 1926కే దాన్ని తీసేశారు. జనం మార్చుకోగా మిగిలినవి చాలా తక్కువ. వయసు కాదన్నమాట, మిగిలిన లెక్క ముఖ్యం. ఎన్ని మిగిలాయి, ఎందరు కావాలంటున్నారు? నంబరు చివర 786 ఉందనో, అన్నీ ఒకే అంకె వచ్చాయనో ఎక్కువిచ్చేవాళ్ళున్నారు గాని, అది నాకు లాటరీ వ్యవహారంలా తోస్తుంది.

పదకొండోది నిజాం నోటు, పది రూపాయల ఉస్మానియా సిక్కా. ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషు కూడా దాని మీద ఉన్నాయి. 1918 చట్టంతో హైదరాబాదు సంస్థానం సొంతంగా నోట్లు వేసుకుంది. ఏడు సిక్కా రూపాయలకు ఆరు కల్దార్లు అనే లెక్క నాయనమ్మకు ఇప్పటికీ నోటికొచ్చు. 1959తో ఆ చెలామణీ ముగిసింది.

పెద్దమనిషి కళ్ళద్దాలు సవరించుకుని మొదట సంతకం చూశాడు. ఈ నోట్ల మీద సంస్థానపు ఆర్థిక మంత్రుల సంతకాలుంటాయి. వారిలో గులాం మహమ్మద్ తర్వాత పాకిస్తాన్ గవర్నర్ జనరల్ అయ్యాడు. జాహిద్ హుస్సేన్ ఆ దేశపు స్టేట్ బ్యాంకుకు మొదటి గవర్నరు. ఒకే నోటు, సంతకం మారితే ధర మారుతుంది. మాది మామూలుగా దొరికే సంతకమే.

తర్వాత నోటును వెలుతురుకు ఏటవాలుగా పట్టుకున్నాడు. ఒక్క క్షణం. "ఇస్త్రీ చేసిన్రా?"

చిన్నాయన మొహం వెలిగింది. "అవును! మడతలున్నయని సబ్బునీళ్ళల్ల ముంచి, మంచిగ ఇస్త్రీ చేయించిన."

ఆయన నిట్టూర్చాడు. అచ్చయిన కాగితానికి ఒక బిగువుంటుంది, సిరా గీత వేలికి తగులుతుంది. నీళ్ళు, వేడి తగిలితే ఆ రెండూ పోతాయి. మడతలు పోయినట్టే కనిపిస్తాయి గాని, నారలో విరుపు అట్లాగే ఉంటుంది. చేతులు మారని కడక్ నోటుకూ, నలిగి చిరిగిన నోటుకూ ధరలో పదిరెట్ల తేడా వచ్చినా ఆశ్చర్యం లేదట.

నాకది మింగుడు పడలేదు. అంగడిలో ఎడ్లను కొని, వడ్లమ్మి, పెళ్ళిలో కట్నంగా చదివించి, రొంటిన దోపుకుని చెమటకు తడిసిన నోటుకు ధర లేదు. ఏ జమీందారు బీరువాలోనో ఒక్కనాడూ పని చేయకుండా పడుకున్నదానికి ధర! మా ఇంట్లో నోటుకు అంత తీరిక ఎక్కడిది?

అదే మాట అడిగితే ఆయన నవ్వి, ఈజిప్టు అనే ఓడ కథ చెప్పాడు. లండను నుంచి బొంబాయికి వస్తూ 1922 మే 20న ఫ్రాన్సు తీరం దగ్గర మరో ఓడ ఢీకొని మునిగిపోయింది. అందులో బంగారం, వెండితో పాటు ఇంకా సంతకాలు పడని నిజాం నోట్లున్నాయి. పదేళ్ళకు ఇటలీ గజఈతగాళ్ళు సరుకు పైకి తీశారు. ఉప్పునీళ్ళలో నానిన ఆ కాగితాలు ఒక్కపూట చెలామణీ కాకపోయినా, సేకర్తలు వెతికి వెతికి కొంటారు. మరి అవి తడవలేదా అన్నాడు చిన్నాయన. "సముద్రంల తడిసిన సంగతికి రుజువుంది. నీ సబ్బునీళ్ళకు ఏముందయ్యా?"

ఆ పది నోట్లూ ఆయనే తీసుకున్నాడు. వచ్చిన డబ్బు మోటారు రీవైండింగుకు సరిగ్గా సరిపోయింది, కొత్తది కొనడానికి కాదు. సిక్కా నోటుకు చెప్పిన ధర చిన్నాయనకు నచ్చలేదు. "మా అవ్వకే ఇస్తా" అని దాన్ని నాలుగు మడతలు పెట్టి అంగీ జేబులో కుక్కుకున్నాడు. పెద్దమనిషి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.